తూము ఒకటే, నీరు ఒకటి కాదు

అందరికీ నమస్కారమండి. ముందు వరసల్లో డిగ్రీ విద్యార్థులున్నారు, వెనక ఆయకట్టు రైతులున్నారు, అటు పక్కన రొయ్యల చెరువులు చేసేవాళ్లు కొందరు కనిపిస్తున్నారు. నాకిచ్చిన అంశం "వివిధ శాస్త్రాల్లో సమతూకం, సమానత్వం". పేరు బరువుగా ఉంది గానీ మనకి దీనికి రెండక్షరాల మాట ఒకటుంది: సరి. ముల్లు నిటారుగా నిలిస్తే సరి. రెండుతో భాగిస్తే శేషం మిగలని అంకె సరి, మిగిలితే బేసి. లెక్కలో తప్పు లేకపోతే సరి. కూర అందరికీ వచ్చిందంటే సరిపోయింది. సమానం, నిజం, చాలినంత, మూడూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. చిక్కంతా అక్కడే. సమానంగా పంచారు అనగానే న్యాయంగా పంచారనీ, చాలినంత పంచారనీ మనసు దానంతటదే అనేసుకుంటుంది. అందుకని ఇవాళ ఒక్కో శాస్త్రం దగ్గర ఆగి ఒకటే అడుగుదాం: సమానమైంది ఏది? దానికోసం తేడా పడింది ఏది?

కావడితో మొదలుపెడదాం. బద్ద పొడవు 150 సెంటీమీటర్లు. ఒక కొసన 18 కిలోల బిందె, రెండో కొసన 12 కిలోల బిందె. భుజం మధ్యలో పెడితే ఒరిగిపోతుంది. బరువు బిందెకి 60 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. అటు 18 ఇంటూ 60, 1080. ఇటు 12 ఇంటూ 90, అదీ 1080. నిలిచింది. బద్దకి కూడా కిలోన్నర బరువుంటే భుజం ఇంకో ముప్పాతిక సెంటీమీటరు మధ్యకి జరపాలి, అంతే. బరువులు వేరు, దూరాలు వేరు, రెంటి గుణకారం మాత్రం ఒకటే. దాన్నే బలభ్రామకం అని పుస్తకంలో చదువుకున్నారు. అయితే కావడి ఎంత చక్కగా నిలిచినా భుజం మీద పడేది మొత్తం 30 కిలోలూనండి. సమతూకం బరువు తగ్గించదు, ఒరగనివ్వదు, అంతవరకే దాని పని. ఇంటి బడ్జెట్ సమం చేశామని సంబరపడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక తక్కెడ. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు నిటారుగా ఉంది కాబట్టి మోసం లేదనుకుంటాం. ఒక వైపు చెయ్యి పొట్టిగా చేసి, ఆ పళ్లెం కాస్త బరువుగా పెడితే ఖాళీ తక్కెడ ముల్లు నిటారుగానే ఉంటుంది. పట్టుకోవాలంటే సరుకుని పళ్లేలు మార్చి రెండుసార్లు తూచాలి. ఒకసారి 1.6 కిలోలు, రెండోసారి 2.5 కిలోలు వచ్చిందనుకోండి. సగటు తీసి 2 కిలోల 50 గ్రాములనేస్తారు చాలామంది. అసలు బరువు అది కాదు. రెంటినీ గుణిస్తే 4, దాని వర్గమూలం 2. సరుకు సరిగ్గా రెండు కిలోలు.

మిగిలిన 50 గ్రాముల్లో తమాషా ఉంది. అదే తక్కెడతో కొట్టాయన "అనుమానమెందుకు, ఒక కిలో ఈ పళ్లెంలో, ఒక కిలో ఆ పళ్లెంలో తూచి ఇస్తాను, సరికి సరి" అన్నాడనుకోండి. ఒకసారి 1,250 గ్రాములు పోతాయి, ఒకసారి 800. కలిపితే 2,050. నష్టం ఆయనకే. అదే ఆయన మీ తోటలో మామిడికాయలు ఈ పద్ధతిలోనే కొంటే ఆ 50 గ్రాములు మీవి పోతాయి. చేతుల్లో తేడా ఎంతున్నా సరే, పళ్లేలు మార్చి తూస్తే ఎప్పుడూ ఇచ్చేవాడికే నష్టం. సమానంగా చేసిన రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు.

ఇప్పుడు కళ్లాల్లో ఎలక్ట్రానిక్ కాటాలొచ్చాయి. చేతుల గొడవ పోయింది, తేమ గొడవ మిగిలింది. బస్తా 75 కిలోలు, కొనుగోలు కేంద్రంలో తేమ హద్దు 17 శాతం. మీ ధాన్యం 17 శాతం, పక్కాయనది 22 శాతం. ఇద్దరి బస్తాలూ కాటా మీద 75 చూపాయి. పక్కాయన బస్తాలో నీళ్లే 16.5 కిలోలు, పొడి సరుకు 58.5. అది 17 శాతానికి ఆరితే ఎంతవుతుంది? 58.5ని 0.83తో భాగించండి: 70.5 కిలోలు. తరుగు నాలుగున్నర కిలోలన్నమాట. "22లోంచి 17 పోతే అయిదు, 75లో అయిదు శాతం 3 కిలోల 750" అని లెక్కకట్టేవాళ్లు కొనేవాడికి ముప్పాతిక కిలో నష్టం తెస్తారు. గుప్పెడు గింజలు నోట్లో వేసుకుని కొరికి "ఆరు కిలోలు తీసెయ్" అనేవాళ్లు రైతుకి కిలోన్నర నష్టం తెస్తారు. రెండో రకమే ఎక్కువగా వింటాం. ఆరేకొద్దీ మొత్తం బరువే తగ్గుతుంది, అంటే శాతానికి ఆధారమైన మొత్తమే మారిపోతుంది. అందుకే శాతంలోంచి శాతం తీసేయకూడదు, మారకుండా ఉన్నది పట్టుకోవాలి. ఇక్కడ మారనిది పొడి సరుకు. తేమ మీటర్లో పెట్టే గింజలు కూడా బస్తా పైనుంచి ఒక్క గుప్పెడు తీస్తే చాలదు. రాత్రి మంచు పడితే పైపొర తడి, పొద్దున్న ఎండ కాస్తే పైపొర పొడి. పై, మధ్య, అడుగు మూడు చోట్లా తీసి కలిపి పెట్టాలి.

మారనిది పట్టుకోవడమే సమీకరణం చేసే పని కూడా. సమానం గుర్తు మొదట వాడింది 1557లో, వేల్స్‌కి చెందిన రాబర్ట్ రికార్డ్. ఒకే పొడవున్న రెండు సమాంతర గీతల కన్నా సమానమైనవి ఇంకేవీ ఉండవని ఆయన చెప్పిన కారణం. అటు చేసిందే ఇటూ చేస్తే సమానం చెడదు. కానీ రెండు వైపులా సున్నాతో గుణించారనుకోండి, 2, 3 కూడా సమానమైపోతాయి. సమానత్వం నిలిచింది, సంగతి పోయింది. కంప్యూటర్ విద్యార్థులకి ఇంకో మాట: మీ ప్రోగ్రాములో ఒంటి సమానం గుర్తు ఆజ్ఞ, పోల్చడానికి జంట గుర్తు పెట్టాలి. ఒకటి బదులు ఒకటి పడితే గంటల తరబడి తప్పు దొరకదు.

కామర్స్ వాళ్లది ట్రయల్ బ్యాలెన్స్, ఖాతాల రెండు వైపులా సరిచూసుకునే పట్టీ. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన పుస్తకంలో ఇటలీ గణితజ్ఞుడు లూకా పచోలీ జంటపద్దు విధానాన్ని వివరించినప్పటినుంచీ సూత్రం ఒకటే, రెండు వైపుల మొత్తాలూ కలవాలి. కలిశాయంటే లెక్క నిజమని కాదు. కరెంటు బిల్లు అసలు రాయకపోతే రెండు వైపులా లేదు, కలుస్తుంది. ఒకరి ఖాతాలో పడాల్సింది అదే వైపు ఇంకొకరి ఖాతాలో పడినా కలుస్తుంది. కలవనప్పుడు మాత్రం తేడా అంకెని చూడండి, అదే దారి చెబుతుంది. 9తో నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారయ్యాయేమో వెతకండి, 5,400 బదులు 4,500 రాస్తే తేడా 900. తేడాలో సగానికి సమానమైన పద్దు పుస్తకంలో ఎక్కడైనా ఉంటే అది రెండో వైపు పడి ఉండొచ్చు.

చెరువుల దగ్గరికి వద్దాం. రసాయనశాస్త్రంలో సమతాస్థితి అంటే కదలకుండా నిలిచిపోవడం అనుకోకండి. అటు ఎంత వేగంగా మారుతోందో ఇటూ అంతే వేగంగా మారుతోంది. సమానమైంది వేగాలు. మోతాదులు ఎంతైనా తేడాగా ఉండొచ్చు. మీ చెరువులో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. విడి అమ్మోనియా మొప్పల్లోంచి దూరి రొయ్యని దెబ్బతీస్తుంది. అమ్మోనియం అయాన్ అంత హాని చెయ్యదు. నీటి పరీక్ష కిట్ సీసాలో రంగు చూపించేది రెంటి మొత్తం. నీటి వేడి 30 డిగ్రీలు, మొత్తం లీటరుకి ఒక మిల్లీగ్రాము అనుకుందాం. తెల్లవారుజామున పీహెచ్, అంటే నీటి ఆమ్ల-క్షార గుణాల కొలత, 7.5 ఉంటే విషరూపం దాదాపు రెండున్నర శాతం, 0.025 మిల్లీగ్రాములు. మధ్యాహ్నం మూడింటికి నీటిలోని పచ్చనాచు కార్బన్ డయాక్సైడ్ అంతా లాగేసుకుని పీహెచ్ 9కి ఎక్కితే అది 45 శాతం, 0.45 మిల్లీగ్రాములు. పద్దెనిమిది రెట్లు! ఉప్పు నీళ్లలో ఈ శాతాలు కొంచెం తగ్గుతాయి గానీ తీరు ఇదే. కిట్ మాత్రం రెండుసార్లూ ఒకటే రంగు.

ఇక్కడ చేసే పెద్ద తప్పు, అమ్మోనియా కనిపించగానే కాల్చిన సున్నం చల్లడం. పీహెచ్ ఇంకా ఎక్కుతుంది, త్రాసు విషం వైపే మొగ్గుతుంది. సమతాస్థితిని కదిలిస్తే ఆ మార్పుని తగ్గించే వైపుకే అది జరుగుతుందని 1884లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లే షాట్లియే చెప్పాడు. సున్నం నీటిలో హైడ్రోజన్ అయాన్లని తగ్గించింది, ఆ లోటు పూడ్చడానికి అమ్మోనియం తన అయాన్ వదిలి విడి అమ్మోనియా అవుతోంది. చెయ్యాల్సింది ముందు మేత ఆపడం లేదా బాగా తగ్గించడం, అడుగు నీరు కొంత మార్చడం, నీటికి గాలి కలిపే ఏరేటర్లు ఆపకుండా తిప్పడం. బెల్లం కరిగించి పోస్తే బాక్టీరియా ఆ కార్బన్ తిని, దానితోపాటు నత్రజనినీ తన ఒంట్లో కట్టుకుంటుంది. అయితే అప్పుడు బాక్టీరియా ప్రాణవాయువు కూడా తాగేస్తుంది, బెల్లం పోసిన రాత్రి కరెంటు పోయి జనరేటర్ లేకపోతే తెల్లారేసరికి రొయ్య తేలుతుంది. ముందే క్షారత్వం చూసుకుని కాల్షియం కార్బొనేట్ వేసుకున్న చెరువులో ఉదయం సాయంత్రం పీహెచ్ ఊగిసలాటే తక్కువ. సున్నం చెడ్డదని కాదు, ఏ సున్నం, ఎప్పుడు అన్నదే లెక్క.

తీరం వెంట కొబ్బరితోటల వాళ్లకి ఇంకో తక్కెడ ఉంది, భూమిలోపల. లీటరు సముద్రపు నీరు 1,025 గ్రాములు, మంచినీరు 1,000. తేడా 25. వెయ్యిని 25తో భాగిస్తే 40. అంటే ఇసుకనేలలో మంచినీటి మట్టం సముద్రమట్టం కన్నా ఒక అడుగు ఎత్తున ఉంటే కింద 40 అడుగుల మేర మంచినీరు ఉప్పునీటి మీద తేలి ఉంటుంది. బోరు తోడి మట్టాన్ని అరడుగు దించారనుకోండి, కింద ఉప్పునీరు 20 అడుగులు పైకొచ్చి కొత్త సమతూకం వెతుక్కుంటుంది. వెంటనే రాదు, అదే మోసం. కొన్ని నెలలు తియ్యగా వచ్చి, తరవాత మొవ్వు ఎండేదాకా సంగతి తెలియదు. నీళ్లు ఉప్పగా వస్తున్నాయని ఇంకా లోతుకి దించడం ఇక్కడ పనికిరాదు. లోతైన బోరు ఒకటి, పెద్ద మోటారు ఒకటి పెట్టే బదులు పైపొర నీరు తీసే లోతు తక్కువ బావులు నాలుగు, చిన్న మోటార్లతో, ఆపి ఆపి తోడాలి.

ఇప్పుడు అసలు కాలువకి వద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. అక్కణ్ణుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి నీరు దిగుతోంది. కాలువ గట్టులోంచి చేలకి నీరు వదిలే తూములు ఒకే కొలతలో పెడితే అందరికీ నీరు సమానంగా అందుతుందని ఒక నమ్మకం. బోర్డు మీద చూడండి. ఆరంగుళాల తూము, నీరు ఆవలికి ధారగా పడుతోంది. కాలువ మొదట్లో తూము మధ్య నుంచి నీటిమట్టం ఎత్తు 64 సెంటీమీటర్లు, శివారులో, అంటే కాలువ చివర, 16 సెంటీమీటర్లు. తూములోంచి వచ్చే నీరు ఎత్తుని బట్టి కాదు, ఎత్తు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 64కి 8, 16కి 4. మొదట్లో సెకనుకి దాదాపు 39 లీటర్లు వస్తే శివారులో 19. సగం.

సరే, అది అందరూ ఊహించేదే. ఇది చూడండి. దాళ్వాలో, అంటే రెండో పంటకాలంలో, పైన నీరు తగ్గి కాలువ మట్టం అంతటా 12 సెంటీమీటర్లు పడిపోయిందనుకుందాం. "అందరికీ సమానంగానే తగ్గింది కదా" అంటారు. మొదట్లో 64 కాస్తా 52 అయింది. నీరు తగ్గింది పది శాతం. శివారులో 16 కాస్తా 4 అయింది. నీరు తగ్గింది సగం. ఒకే కాలువ, ఒకే తగ్గుదల. పైవాడికి చేను చూస్తే తేడా తెలియదు, శివారు వాడి చేను నెర్రెలు వేస్తుంది. అందుకే వీళ్లిద్దరూ లాకు దగ్గర కలిసినప్పుడు ఒకరి మాట ఒకరికి అబద్ధంలా వినిపిస్తుంది. ఇద్దరూ చెప్పేది నిజమే.

శివారు తూముని పెద్దది చేద్దామంటారు. మామూలు రోజు లోటు పూడ్చాలంటే వైశాల్యం రెట్టింపు చాలు, అంటే ఎనిమిదిన్నర అంగుళాల తూము. ఆరుకి రెట్టింపు పన్నెండు కదా అని పన్నెండంగుళాలది పెడితే వైశాల్యం నాలుగు రెట్లు, కాలువ నిండుగా ఉన్న రోజున వాడి కిందవాడి నోట్లో మట్టే. తూము ఆవలి కొస బోదె, అంటే చేలకి నీరు మోసే చిన్నకాలువ, నీటిలో మునిగి ఉంటే ఎత్తు అంటే కాలువ మట్టానికీ బోదె మట్టానికీ తేడా మాత్రమే. అది చూడకుండా తూము మార్చి లాభం లేదు, ముందు బోదె పూడిక తియ్యాలి.

వంతులు పెడితేనో? ఎకరానికి ఇన్ని నిమిషాలని పెట్టారనుకోండి, సమానమైంది కాలం. బోదె నిండటానికే ముప్పావుగంట పడితే అది ఎవరి వంతులో పోవాలి? పంజాబ్, హర్యానాల్లో వారాబందీ అనే వంతుల పద్ధతిలో దీన్ని లెక్కలోకి తీసుకున్నారు. బోదె నింపుకునేవాడికి అదనపు సమయం కలుపుతారు, దాన్ని భరాయీ అంటారు. తూము కట్టేశాక కూడా బోదెలో మిగిలిన నీరు పారేది చివరి రైతుకి కాబట్టి ఆయన సమయంలో కొంత కోస్తారు, అది ఝరాయీ. దారిలో భూమిలోకి ఇంకిపోయే నీటికి మాత్రం అందులో లెక్క లేదు, అది శివారు వాడి ఖాతాలోనే. కాలం బదులు నీరు కొలిచి ఇచ్చినా ఇసుక చేనుకీ నల్లరేగడి చేనుకీ ఒకే నీరు ఒకే తడి కాదు. కాలం, నీరు, తడి, పంట, ఆదాయం, వీటిలో ఒకటి సమం చేస్తే మిగతావి తేడా పడతాయి. 1979లో స్టాన్‌ఫోర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసానికి అమర్త్య సేన్ పెట్టిన పేరే "దేనిలో సమానత్వం?" అన్న ప్రశ్న. ఆయన జవాబు, మనిషి ఏం చేయగలడో, ఎలా బతకగలడో ఆ సామర్థ్యంలో అని. ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, ప్రశ్న తప్పించుకోలేం.

చట్టం కూడా ఇదే అడుగుతుంది. రాజ్యాంగం 14వ అధికరణలో రెండు ముక్కలున్నాయి: చట్టం ముందు సమానత్వం, చట్టాల సమాన రక్షణ. మొదటిది ఇంగ్లండు నుంచి, రెండోది అమెరికా 14వ సవరణ నుంచి వచ్చింది. మనుషుల్ని వర్గాలుగా విడదీయొచ్చు, కానీ ఆ తేడా స్పష్టంగా ఉండాలి, చట్టం ఉద్దేశంతో దానికి సంబంధం ఉండాలని 1952లో అన్వర్ అలీ సర్కార్ కేసు నాటికే సుప్రీంకోర్టు చెప్పింది. షెడ్యూల్డ్ కులాల వర్గీకరణకి మన ఆంధ్రప్రదేశ్ 2000లో చేసిన చట్టాన్ని 2004లో అదే కోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6:1 మెజారిటీతో వర్గీకరణ చెల్లుతుందంది. ఆ వర్గాన్ని అంతా ఒకటిగా చూడాలా, లోపలి తేడాలు కూడా చూడాలా అన్నదే రెండు తీర్పుల మధ్య వాదం.

ఎకనామిక్స్ వాళ్లకి జినీ సూచిక, పంపకంలో అసమానతని కొలిచే అంకె. సున్నా అయితే అందరికీ సమానం, ఒకటికి దగ్గరైతే అంతా ఒకడిదే. రెండు ఊళ్లు తీసుకుందాం, ఒక్కో ఊళ్లో అయిదుగురు, 20 ఎకరాలు. మొదటి ఊళ్లో 1, 1, 2, 4, 12 ఎకరాలు. రెండో ఊళ్లో 0, 0, 5, 5, 10. లెక్క ఇలా: చిన్నకమతం నుంచి వరసగా 1, 2, 3, 4, 5తో గుణించి కూడండి. రెండు ఊళ్లలోనూ 85 వస్తుంది. రెట్టింపు చేసి, మనుషుల సంఖ్య ఇంటూ ఎకరాలు, అంటే 100తో భాగిస్తే 1.7. అందులోంచి 6/5 తీసేస్తే 0.5. రెండు ఊళ్ల జినీ ఒకటే. కానీ ఒక ఊళ్లో అందరికీ ఎంతోకొంత సొంత నేల ఉంది, రెండో ఊళ్లో ఇద్దరికి ఏమీ లేదు.

ఇంకా ఉంది. రెండో ఊళ్లో పదెకరాల ఆసామి పట్నంలో ఉంటాడు, భూమంతా ఆ ఇద్దరికీ చెరి అయిదెకరాలు కౌలుకిచ్చాడు. ఇప్పుడు సాగు ప్రకారం లెక్క కడితే 0, 5, 5, 5, 5. జినీ 0.2కి దిగింది. ఊరు సమానమైపోయినట్టే! కౌలు బస్తాలు పోయాక చేతిలో మిగిలింది కొలిస్తే మళ్లీ వేరే అంకె. తుపానుకి చేను పడుకుని, ఎకరానికి ఇంతని పరిహారం సమానంగా ఇస్తే, అది పాసు పుస్తకం ఉన్నవాడికి వెళ్తుందా, విత్తనం ఎరువు పెట్టినవాడికి వెళ్తుందా? 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం సాగుదారు కార్డుకి యజమాని సంతకాన్ని ముడిపెట్టింది. ఆ సంతకం దగ్గరే చాలామంది ఆగిపోయారు. ఎవరైనా జినీ అంకె చెబితే ముందు అడగండి: ఏది కొలిచారు, ఎవరి పేరున కొలిచారు?

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. తెలుగు విద్యార్థులు ఇందాకటినుంచి మా వాటా ఏదని చూస్తున్నారు, వాళ్ల బాకీ తీర్చి ఆపుతాను. నన్నయగారు రాజమహేంద్రవరంలో కూర్చుని వాడిన ఉత్పలమాల తీసుకోండి, పాదానికి 20 అక్షరాలు. చంపకమాలకి 21. సమానం కావు. గురువుకి రెండు, లఘువుకి ఒకటి చొప్పున మాత్రలు లెక్కపెట్టండి. ఉత్పలమాల భ ర న భ భ ర వ: 4, 5, 3, 4, 4, 5, 3, మొత్తం 28. చంపకమాల న జ భ జ జ జ ర: 3, 4, 4, 4, 4, 4, 5, అదీ 28. ఉత్పలమాల మొదటి గురువుని రెండు లఘువులుగా విడగొడితే చంపకమాల అయిపోతుంది, మిగతా పాదమంతా అక్షరం పొల్లుపోకుండా అదే. యతి పదో అక్షరం నుంచి పదకొండుకి జరిగింది కూడా అందుకే. తేటగీతిలో దీనికి తిరగేసిన వ్యవహారం: ప్రతి పాదానికీ ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, గణాలెప్పుడూ అయిదే. కానీ ఇంద్రగణాల్లో భ, నల నాలుగు మాత్రలవి, ర, త, నగ, సల అయిదు మాత్రలవి. కాబట్టి పాదం 17 మాత్రలైనా కావచ్చు, 19 అయినా కావచ్చు. ఇంటికెళ్లాక మీకు వచ్చిన తేటగీతి ఒకటి తీసుకుని నాలుగు పాదాలూ లెక్కపెట్టి చూడండి.